ఇరవై ఏళ్ల ప్లానూ, రెండిళ్ల మధ్య గేటూ

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఆరడుగుల రేకు కంచె ఉంది. పరాయి దేశంలో మేముండే ఈ టూంగాబీ పేటలో ఏ ఇంటికి చూసినా ఇదే కంచె, ఇదే బూడిద రంగు. మా కంచెకు మాత్రం వెనక దొడ్లో, బట్టలారేసే స్టాండు పక్కన, ఒక రేకు ఊడదీసి గేటు పెట్టుకున్నాం. పక్కింట్లోకి కరీంనగర్ వైపు దంపతులు దిగిన మొదటి నెల సంగతి అది. ఆ అమ్మాయి నాకంటే పన్నెండేళ్లు చిన్నది. స్టూలెక్కి కంచె మీంచి పప్పుగిన్నె అందించబోయి సగం నా నెత్తిన పోసింది. నవ్వలేక చచ్చాం ఇద్దరం. ఆ శనివారమే మా ఆయనా, వాళ్లాయనా డ్రిల్లు పట్టుకుని రేకు విప్పేసి, బందులు బిగించేశారు. ఎవర్నీ అడగలేదు, ఎవరూ ఏమీ అనలేదు.

ఆ గేటు గుండా ఆరేళ్లు గిన్నెలు తిరిగాయి. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా అమ్మ నాకు నేర్పింది. వాళ్లమ్మ కూడా ఆమెకు అదే నేర్పింది. ఇంట్లో ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసివ్వాలి. నేను గోంగూర పచ్చడి పంపితే ఆ గిన్నెలోనే సర్వపిండి వచ్చేది. వాటిలో మూతి కాస్త సొట్టపడిన స్టీలు గిన్నె ఒకటి ఎన్నిసార్లు తిరిగిందంటే, అసలు అది ఎవరిదో ఇద్దరికీ గుర్తులేదు. మన గిన్నెలకు అడుగున పేరు కొట్టిస్తాం కదా, దానికి అదీ లేదు. "నీదే అక్కా" అనేది ఆమె. "నీదేనమ్మా" అనేదాన్ని నేను.

ఆ గేటు ఇప్పుడు లేదు. మూయించింది నేనే. ఎలాగో చెప్పాలంటే ముందు నా బుద్ధి గురించి చెప్పుకోవాలి.

నేను ఒక ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు చూస్తాను. వంటింట్లో పైపు పగిలి నేలంతా పాడైపోయిందని ఒకాయన రాస్తాడు. ఫొటోలో ఉన్న మరక నిన్నటిదా, నిరుటిదా అని చూడ్డం నా పని. చెప్పినదాంట్లో చెప్పనిది వెతికి జీతం తీసుకుంటున్నాను పద్నాలుగేళ్లుగా. ఆ చూపు సాయంత్రం ఆఫీసులో వదిలేసి రావాలి. నేను రైల్లో వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటాను. మా ఆయన దొడ్లోంచి ఆలస్యంగా వస్తే కూడా ఏ పైపు పగలగొట్టాడో అని చూస్తాను. "ఇది ఆఫీసు కాదు తల్లీ" అంటాడు ఆయన.

కౌన్సిల్ నుంచి, అంటే ఇక్కడి మునిసిపాలిటీ నుంచి, ఒక ఉత్తరం చలికాలం చివర్లో వచ్చింది. రాబోయే ఇరవై ఏళ్లలో మన పేట ఎలా పెరగాలో ప్లాను తయారు చేస్తున్నాం, మీ అభిప్రాయం చెప్పండి అని. లోపల మెరిసే కాగితాల మీద రంగు బొమ్మలు. నేను టీ పెట్టుకుని, ఎవరిదో క్లెయిము చూసినట్టు ఒక్కో బొమ్మా చూశాను. అందులో మనుషులందరూ నవ్వుతున్నారు. చీర కట్టుకున్న ఒకావిడ సైకిలు నడిపించుకుంటూ పోతోంది. ఇన్నేళ్లలో టూంగాబీలో అలాంటావిడ నాకెక్కడా కనిపించలేదు. చెట్లన్నీ ముప్ఫై ఏళ్ల వయసువి, భవనాలు మాత్రం నిన్న కట్టినవి. ఇక్కడి మండే జనవరి ఎండ లేదు, చెత్త డబ్బాలు లేవు, రోడ్డు పక్కన ఒక్క కారు ఆగి లేదు. అంతెత్తు భవనాలకు నీడ కూడా గీయలేదు. నీడ గీస్తే అది ఎవరి దొడ్లో పడుతుందో తెలిసిపోతుందని మానేశారని నాకు గట్టి నమ్మకం.

చివరి పేజీలో మ్యాపు. స్టేషను చుట్టూ వీధులకు ముదురు నారింజ రంగు. మా వీధి అందులోనే ఉంది. ముదురు రంగంటే ఆరంతస్తుల వరకూ కట్టుకోవచ్చు. కింద చిన్న అక్షరాల్లో అసలు మాట ఉంది. ఒక్క ఇంటి స్థలం చాలదు, పక్కపక్కనున్న మూడిళ్లు కలిస్తేనే అనుమతి. మా వరసలో మాది మధ్యిల్లు. ఎడమ పక్కది అద్దె ఇల్లు, దాని యజమాని మెల్‌బోర్న్‌లో ఉంటాడు, మంచి ధర వస్తే రేపే అమ్మేస్తాడు. కుడి పక్కది వాళ్లది. ఇక వాళ్లు కూడా సంతకం పెట్టేస్తే, రెండు వైపుల వాళ్లూ మధ్యలో ఉన్న మా మీద పడతారు. అంటే మా ఇల్లు నిలవాలా పోవాలా అన్నది గేటు అవతల తేలుతుంది.

"ఇది ఉత్త ప్రపోజల్. ఇరవై ఏళ్ల మాట. అప్పటికి మనమెక్కడుంటామో" అన్నాడు మా ఆయన.

"ఇరవై ఏళ్లని చెప్పి రెండేళ్లలో చేస్తారు. అందుకే ఇరవై అని రాస్తారు" అన్నాను.

పది రోజులకు ఏజెంటు వచ్చాడు. మన తెలుగువాడే. ఎవరు పంపారో కానీ సరిగ్గా చూసి పంపారు. బెల్లు కొట్టి, నా మాట వినగానే, "గుంటూరా మేడమ్? మాది తెనాలండీ" అని చుట్టరికం కలిపేశాడు. నేను జాలీ తలుపు తీయలేదు. "మీ మూడిళ్లూ ఒక్క మాట మీదుంటే బ్రహ్మాండంగా ఉంటుందండీ. పక్కవాళ్లతో కూడా మాట్లాడుతున్నాను, పాజిటివ్‌గానే ఉన్నారు" అని కార్డు సందులోంచి దూర్చి పోయాడు.

వంటింటి కిటికీలోంచి చూశాను. నేరుగా పక్కింటికి వెళ్లాడు. గుమ్మం దగ్గర వంగి బూట్లు విప్పాడు. రెండు మాటలు చెప్పి పోయేవాడు బూట్లు విప్పడు. నలభై నిమిషాల తర్వాత బయటికొచ్చాడు, మూతి తుడుచుకుంటూ.

సాయంత్రం ఆమె గిన్నె పట్టుకుని గేటు తోసుకుని వచ్చింది.

"ఎవరో వచ్చినట్టున్నారమ్మా పొద్దున?" అన్నాను.

"ఆఁ, గా ఏజెంట్ అక్కా. ఊకనే."

"ఏమంటాడు?"

"ఏమంటడు, చాయ్ తాగి పోయిండు."

చాయ్‌కి నలభై నిమిషాలా అని అడగలేదు. మనసులో రాసిపెట్టుకున్నాను. ఆ రోజునుంచి ఫైలు తెరిచినట్టే.

తర్వాత ఏం చూసినా ఆ ఫైల్లోకే వెళ్లింది. సెప్టెంబరు వచ్చింది, ఇక్కడి లెక్కన ఎండలు మొదలయ్యాయి. ఏటా ఆమె దొడ్లో గోంగూర, చిక్కుడు, బెండ వేస్తుంది. నాకు నారు ఇచ్చేది కూడా ఆమే. ఆ ఏడు మడి తవ్వలేదు. కలుపు మోకాలెత్తు పెరిగినా వంగి ఒక్క గడ్డిపరక పీకలేదు. ఇల్లు వదిలి పోయేవాళ్లు బెండ విత్తనాలు ఎందుకు నాటుతారు అనుకున్నాను. వారం మధ్యలో, ఇద్దరూ ఆఫీసులో ఉండాల్సిన వేళ, కార్లో ఎక్కడికో వెళ్లేవాళ్లు. ఆమె ఒళ్లో ఎప్పుడూ ఒక పచ్చ ఫైలు. నేను చెయ్యి ఊపితే ఆ ఫైలు మీద చున్నీ కప్పేది. ఒక ఆదివారం వాళ్ల గరాజు తలుపు తెరిచి ఉంటే లోపల రంగు డబ్బాలు కనిపించాయి. ఇంటికి రంగు వేయించేది ఎప్పుడు? అమ్మే ముందు. రియల్ ఎస్టేట్ తెలిసిన ప్రతివాడికీ తెలిసిన సంగతే.

అక్టోబరులో ఆరిన బట్టలు తీస్తుంటే కంచె అవతల ఆమె ఫోన్లో వాళ్లమ్మతో మాట్లాడుతోంది. చెవులు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. "అది అయ్యేదాంక ఎవ్వరికీ చెప్పకే అమ్మా. పక్కింటక్కకు గూడ చెప్పలే" అంటోంది.

చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆరేళ్లు ఆ పిల్లకు జ్వరమొస్తే చారు కాచిచ్చాను. నా కూతురు డ్రైవింగ్ టెస్టుకు వెళ్తే బొట్టు పెట్టి పంపింది ఆమె. పక్కింటక్కకు కూడా చెప్పలే! నాకు కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. ఆ ఏడుపే తర్వాత కోపమైంది.

రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతులన్నీ వరసగా చెప్పాను. మా ఆయన అన్నం కలుపుతూ ఉండిపోయాడు. మా అమ్మాయి, యూనివర్సిటీలో రెండో ఏడు, ఫోన్లోంచి తలెత్తి, "జస్ట్ ఆస్క్ హర్, మమ్" అంది.

"అలా అడగరు."

"వై నాట్? షీజ్ రైట్ దేర్. దేర్స్ లిటరల్లీ ఎ గేట్."

"వాళ్లంతట వాళ్లు చెప్పాలి. మనం అడిగి చెప్పించుకోకూడదు" అన్నాను. పిల్ల భుజాలెగరేసి మళ్లీ ఫోన్లోకి దిగిపోయింది. ఇప్పటికీ ఆ మాట చెవుల్లో ఉంది. ఇన్సూరెన్సు కంపెనీలో కూడా ముందు ఫోను చేసి అడుగుతాం. నేను అదీ చేయలేదు.

ఈలోగా ఎదురింటి ముసలాయన మా ఇంటికొచ్చాడు. రైలు డ్రైవరుగా చేసి రిటైరైన తెల్లాయన. అప్పటిదాకా చెత్తడబ్బాల రోజున హలో అనడం తప్ప మాకు మాటల్లేవు. ఈ ప్లానుకు వ్యతిరేకంగా వీధి మొత్తంతో సంతకాలు చేయిస్తున్నాడట. మీవాళ్లు మీ మాట వింటారు, మీరు రావాలి అన్నాడు. ఎనిమిదేళ్లకు మేం గుర్తొచ్చామా అనుకున్నాను. ఈయనకు పడనిది ఆరంతస్తుల భవనాలా, వాటిల్లోకి రాబోయే మాలాంటివాళ్లా అని కూడా అనుకున్నాను. అయినా కాగితాలు తీసుకున్నాను, నా అవసరం నాది.

తెలుగిళ్లన్నీ తిరిగాను. అందరూ కాఫీలిచ్చి సంతకాలు పెట్టారు. చివరికి గేటు తోసుకుని పక్కింటికి వెళ్లాను. ఆమె వదులు చొక్కాలో సోఫా మీద పడుకుని ఉంది, లేవలేదు. కాగితం ముందు పెట్టాను.

"ఇప్పుడు నన్ను ఈ లొల్లిలకు లాగకు అక్కా. కొంచెం టైమియ్యి మాకు."

"ఒక్క సంతకానికి టైమెందుకమ్మా?"

ఆమె వాళ్లాయన వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు. "తర్వాత చేస్తం లే అక్కా, ఏమనుకోకు" అన్నాడు. ఏమీ అనుకోనట్టే నవ్వి వచ్చేశాను. వచ్చేటప్పుడు మామూలుగా దగ్గరికి వేసే గేటుకు గడియ కూడా పెట్టాను. అదే మొదటిసారి.

బహిరంగ సభ నవంబరులో, కమ్యూనిటీ హాల్లో, ఒక సాయంత్రం పెట్టారు. కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. కౌన్సిల్ తరఫున ఒకావిడ, మర్యాదస్తురాలు, మైకు పట్టుకుని రూలు చెప్పింది. పేరు రాయించుకున్నవాళ్లకు ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. అయిపోగానే గంట కొడతారు. కుర్రకారు కొంతమంది మాకు ఇళ్లు కావాలి, ఎక్కడో ఊరి చివర కాదు, స్టేషను దగ్గర కావాలి అన్నారు. పెద్దవాళ్లు బడి నిండిపోయింది, పార్కింగ్ లేదు అన్నారు. చప్పట్లు, అరుపులు. ఆవిడ అన్నిటికీ థాంక్యూ అంటోంది. రాసుకుంటోందో లేదో నేను చూస్తూనే ఉన్నాను. అప్పుడప్పుడూ పెన్ను కదిలేది, కానీ గీతలు గీస్తోందేమో ఎవరికి తెలుసు.

పక్కింటివాళ్లు కూడా వచ్చారు. నన్ను చూసి ఆమె చెయ్యి ఊపి, నా వరసలోనే నాలుగు కుర్చీల అవతల కూచుంది. పచ్చ ఫైలు ఒళ్లో ఉంది. సంతకం పెట్టనివాళ్లకు ఇక్కడేం పని అనుకున్నాను.

నాకంటే ముందు వాళ్లాయన లేచాడు. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న. మా వీధిలో పనులు ఎప్పుడు మొదలవుతాయి, వచ్చే ఏడాదిలోనే మొదలయ్యే అవకాశం ఉందా, మొదలైతే ఎన్నాళ్లు సాగుతాయి? ప్లాను మంచిదనలేదు, చెడ్డదనలేదు. ఎప్పుడు అని మాత్రమే అడిగాడు. కౌన్సిలావిడ ఇప్పుడే చెప్పలేమంది. ఆయన ఇంకోసారి అడిగాడు, ఏప్రిల్ తర్వాతేనా, ముందా అని.

ఇంకేం కావాలి నాకు. తొందరపడుతున్నారు, తేదీ కూడా ఖాయమైంది అనుకున్నాను.

నా పేరు పిలిచారు. మా అమ్మాయి టైపు చేసిచ్చిన కాగితం చేతిలో ఉంది. అందులో వెనకున్న వాగు గురించి, ఇరుకు రోడ్ల గురించి చక్కగా నాలుగు మాటలున్నాయి. దాన్ని మడిచేశాను. ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఈ ప్లాను వల్ల భవనాలు ఎప్పుడొస్తాయో నాకు తెలియదు కానీ, మా వీధిలో నమ్మకం అప్పుడే కూలిపోయింది అన్నాను. హాలు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం నాకు కిక్కెక్కించింది, నిజం చెప్పొద్దూ. ఆరేళ్లు నా చేతి అన్నం తిన్నవాళ్లే ఒక ఏజెంటుతో మంతనాలాడుతున్నారు, వాళ్లిప్పుడు ఈ హాల్లోనే, నా వరసలోనే కూచున్నారు అన్నాను. ఈసారి దొడ్లో ఎందుకు విత్తనం వేయలేదో వాళ్లను అడగండి. ఇంటికి ఎందుకు రంగు వేస్తున్నారో అడగండి. ఆ పచ్చ ఫైల్లో ఏముందో అడగండి, అని చెయ్యి చూపించాను కూడా.

అందరి తలలూ అటు తిరిగాయి.

ఆమె లేచింది. ముందు కుర్చీ వీపు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి నడుం వెనక ఆనించి, మోకాళ్ల మీద బరువు వేసి నెమ్మదిగా లేచింది. ఒక బిడ్డను కన్న ఆడదానికి ఆ లేవడం ఇంకొకరు చెప్పక్కర్లేదు. వదులు చొక్కా, సోఫాలోంచి లేవకపోవడం, వంగి గడ్డి పీకకపోవడం, వారం మధ్యలో కారు, వాళ్లమ్మతో ఫోను, ఏప్రిల్. చూపించిన చెయ్యి దించేశాను.

"యూ స్టిల్ హావ్ ఫార్టీ సెకండ్స్" అంది కౌన్సిలావిడ, మర్యాదగా.

నేను ఆ నలభై సెకన్లూ మైకు ముందు నిలబడే ఉన్నాను. వాళ్లిద్దరూ వరసలోంచి పక్కకు జరుగుతూ, మోకాళ్లు తప్పించుకుంటూ, తలుపు దాకా నడిచారు. వెనక వరసల్లోంచి ఎవరో ఆయన్ని ఏదో అన్నారు. ఆయన తిరిగి చూడలేదు. అప్పుడు గంట కొట్టారు.

మూడో రోజు ఆమే గేటు దగ్గరికి వచ్చింది. నేనే పోవాల్సింది, ముఖం చెల్లక పోలేదు. గడియ తీశాను. లోపలికి రాలేదు, అవతలే నిలబడింది.

"ఐదో నెల పడంగనే ఫస్టు నీకే చెప్దామనుకున్నం అక్కా. ఈ ఆదివారం పులిహోర చేసి పట్టుకొద్దామనుకున్న."

"నాకు తెలీదమ్మా."

"ఎట్ల తెలుస్తది, దాచిపెట్టినం కదా. ఇంతకుముందు రెండుసార్లు తొందరపడి అందరికీ చెప్పినం. నిలువలే. ఎనిమిదేండ్లాయె. ఈసారి ఎవ్వరి కన్నూ పడొద్దని మా అమ్మ ఒట్టు పెట్టించుకున్నది. ఎవ్వరి కంటా పడకుండ ఇన్ని నెలలు దాచుకుంటే, నువ్వు హాలంత మంది ముంగట చెయ్యి చూపెట్టి నిలబెట్టినవ్."

నేను గేటు గడియను అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను.

"గా ఏజెంటు ఇంటికొస్తే చాయ్ ఇయ్యకుండ ఎట్ల పంపుత? వచ్చిన ప్రతిసారి మేం ఇల్లు అమ్మం అనే చెప్పినం. రంగు వేసింది పిల్లల రూముకు. మాయన ఎప్పుడు పనులు అయితయని అడిగింది, పక్కన దుమ్ము లేస్తే పసిపిల్లతోని ఎట్ల అని." చేతిలోని పచ్చ ఫైలు ముందుకు చాచింది. "ఏమున్నదో అడగమన్నవ్ కదా. స్కాను కాగితాలు, చూడు."

"వద్దమ్మా."

"ఇప్పుడెందుకు వద్దు?"

నేను ఏడ్చాను. క్షమించమని అడిగాను. ఆమె ఏడవలేదు. గేటు నెమ్మదిగా దగ్గరికి వేసుకుని పోయింది. నా కన్ను కూడా తగలకూడదన్నట్టు పొట్ట మీద చున్నీ సర్దుకుంది. అది నేను చూశాను.

అన్నిటికంటే నన్ను తినేసేది ఇది. దిష్టి సంగతి నాకు తెలియనిదా? ఈ ఇల్లు కొన్నప్పుడు తాళాలు చేతికొచ్చేదాకా నా సొంత అన్నకు కూడా చెప్పలేదు. పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చాక రెండు నెలలు నోరు విప్పలేదు. మా అమ్మాయి కడుపులో పడ్డప్పుడు, ఐదో నెల వరకూ, వాంతులు చేసుకుంటూ కూడా గ్యాస్ ట్రబుల్ అని చెప్పాను అందరికీ. మనవాళ్లు మాట దాస్తే దానికి ముందుగా వెతకాల్సిన కారణం అదే. ఆ ఎదురింటి తెల్లాయన పొరబడితే ఆయనకేం తెలుసులే అనుకోవచ్చు. నేను చేస్తే జాగ్రత్త, వాళ్లు చేస్తే మోసం అని ఎలా అనిపించిందో నాకే తెలియదు, అలాంటి క్లెయిము నా ముందుకొస్తే నేను ఒప్పుకోను.

ఆ శనివారం పొద్దున డ్రిల్లు శబ్దం వినిపించింది. కిటికీలోంచి చూస్తే వాళ్లాయన గేటు బందులు విప్పుతున్నాడు. పాత రేకు గరాజులో దాచే ఉంచాడని అప్పటిదాకా నాకు తెలియదు. ఒక్కడే రేకు నిలబెట్టలేక అవస్థ పడుతున్నాడు. మా ఆయన చెప్పులేసుకుని వెళ్లి ఇవతలినుంచి రేకు పట్టుకున్నాడు. పక్కింటాయన మరలు బిగించాడు. ఆరేళ్ల కింద తీసింది కూడా వాళ్లిద్దరే. పని అయ్యాక మా ఆయన లోపలికొచ్చి చేతులు కడుక్కుని నన్ను ఏమీ అనలేదు. తిడితే బాగుండేది.

మరుసటి ఏడాది చివర్లో ప్లాను ఖాయమైంది. కొత్త మ్యాపు వచ్చింది. వెనక వాగు పొంగితే నీళ్లొచ్చే జాగా అని మా వీధిని అందులోంచి తీసేశారు. నారింజ రంగు రెండు వీధుల అవతలే ఆగిపోయింది. నేను మడిచేసిన కాగితంలో ఉన్నది ఆ వాగు సంగతే. అదెవరో చెప్పారు, కౌన్సిలావిడ రాసుకుంది. ఎదురింటి ముసలాయన మనం గెలిచామని చాక్లెట్ల డబ్బా తెచ్చిచ్చాడు. ఏజెంటు మళ్లీ రాలేదు. ఇరవై ఏళ్లకు అన్నారు కానీ ఇప్పటికి మా వీధిలో మారింది ఆ గేటు ఒక్కటే.

అంతకుముందే, ఏప్రిల్‌లో, వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. ఎవరూ చెప్పలేదు, కంచె అవతల ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు విని వంటింట్లో నేలమీద కూచుండిపోయాను, సంతోషంతోనే. సొట్ట గిన్నె సభకు ముందునుంచీ నా దగ్గరే ఉండిపోయింది. ఆర్నెల్లుగా దాన్ని చూస్తూనే ఉన్నాను, అందులో ఏం వేసివ్వాలో తోచక. బాలింతకు కాయం చేద్దామనుకున్నాను. పెండిల్ హిల్‌లో మూడు షాపులు తిరిగి పిప్పళ్లు, శొంఠి తెచ్చాను. వేయించి, దంచి, నెయ్యీ బెల్లం వేసి, మా అమ్మ చేసినట్టే గరిటె తిప్పుతూ మధ్యాహ్నమంతా నిలబడ్డాను. గిన్నె నిండా పెట్టాను. ఎనిమిది అడుగులు వేస్తే పోయే ఇంటికి వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్లాను. బెల్లు కొడితే పిల్ల లేస్తుందేమోనని గుమ్మం ముందు పెట్టి వచ్చేశాను.

మూడో రోజు పొద్దున పాలు తేవడానికి తలుపు తీస్తే మా కాలితుడుపు పట్టా మీద గిన్నె ఉంది. శుభ్రంగా తోమి, తుడిచి పెట్టి ఉంది. చేతిలోకి తీసుకుని, వెలుతురుకు వంచి, అడుగున చక్కెర పలుకైనా ఉందేమోనని చూశాను. లేదు.